దిగే హక్కు

హోటల్లో భోజనాలు రెండు రకాలని మనందరికీ తెలిసిందే. ఒకటి ప్లేటు భోజనం, రెండోది ఫుల్ మీల్సు. ప్లేటు భోజనం చేసేవాడు ఆకలి తీరగానే లేచి చెయ్యి కడుక్కుంటాడు. ఫుల్ మీల్సు చేసేవాడు అలా లేవలేడు. ఆకలి ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. అయినా సాంబారు బకెట్టు అటుగా వస్తే చెయ్యి అడ్డం పెట్టడానికి మనసొప్పదు. డబ్బు ముందే ఇచ్చేశాం కదా! వదిలేసిన ప్రతి ముద్దా నష్టం కిందే లెక్క. చివరికి ఆయాసపడుతూ బయటికొచ్చి, ఓ సోడా తాగి, "గిట్టుబాటైంది" అనుకుంటాడు. సోడా డబ్బులు మాత్రం లెక్కలో వెయ్యడు.

ఆల్ప్స్ పర్వతాల్లో తిరగడానికి అమ్మే రైలు పాసు సరిగ్గా ఈ ఫుల్ మీల్సు లాంటిదేనని, రెణ్ణెల్లుగా దాంతో కుస్తీ పడుతున్న నాకు బాగా బోధపడింది.

వచ్చే జూన్‌లో మేం అయిదుగురం స్విట్జర్లాండు వెళ్ళాలనుకుంటున్నాం. మావారు, నేను, 14 ఏళ్ళ మా అబ్బాయి, 11 ఏళ్ళ మా అమ్మాయి, 72 ఏళ్ళ మా అత్తగారు. డబ్బు కూడబెట్టే పని మావారిదైతే, ఎక్కడ దిగాలి, ఎప్పుడు ఎక్కాలి, ఎవరికేం కావాలి అన్న పని లక్షణంగా నా నెత్తిన పడింది. కూరలు తరిగే బల్లమీద ఇప్పుడు ఆల్ప్స్ మ్యాపు పరిచి ఉంది.

ఆ దేశంలో విదేశీ యాత్రికులకని స్విస్ ట్రావెల్ పాసు ఒకటి అమ్ముతారు. 3, 4, 6, 8, 15 రోజులకి దొరుకుతుంది. అన్ని రోజులూ రైళ్ళూ, బస్సులూ, సరస్సుల మీది పడవలూ, ఊళ్ళలోని ట్రాములూ ఎక్కి తిరగొచ్చు. 500కి పైగా మ్యూజియాలు చూడొచ్చు. తల్లో తండ్రో పాసు కొంటే 6 నుంచి 15 ఏళ్ళ పిల్లలు వాళ్ళ వెంట ఉచితం. అంటే మా ఇంటికి మూడు పాసులు చాలు. అయితే ఇందులో మళ్ళీ రెండు రకాలున్నాయి. మొదటిది వరస రోజులది. ఒకసారి మొదలైందంటే మనం రైలెక్కినా, గదిలో పడుకున్నా రోజు రోజే. రెండోది ఫ్లెక్సు పాసు. నెల రోజుల లోపు మనకి కావలసిన రోజులు ఏరుకోవచ్చు. దీని ఖరీదు కాస్త ఎక్కువ.

మావారు వరస పాసే కొందామన్నారు. మూడు పాసులూ కలిపి రూపాయల్లోకి మార్చి చూసేసరికి లక్ష దాటింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని కాగితం మీద లెక్క మొదలెట్టారు. జ్యూరిక్ నుంచి లూసెర్న్, అక్కణ్ణుంచి ఇంటర్‌లాకెన్, అక్కణ్ణుంచి జెర్మట్, అక్కణ్ణుంచి సెయింట్ మోరిట్జ్, అటునించి ఇటలీలోని టిరానో. పొద్దున్న 7 గంటలకి ఎక్కడం, రాత్రి 8కి దిగడం. ఒక్కొక్క మజిలీకి విడి టికెట్టు ఎంతో పక్కన రాసి, అన్నీ కలిపి, "చూశావా, ఏడో రోజు మధ్యాహ్నానికి డబ్బు వసూలైపోతుంది. ఆ తర్వాత ఎక్కిందంతా లాభమే" అన్నారు.

మన సినిమా పాటల్లో పాదానికో కొండ మారుతుంది. పల్లవి మంచు మీద, చరణం సరస్సు ఒడ్డున. హీరోయిన్ చీర కూడా మారుతుంది. ఆ పాట తీసినవాళ్ళకి ఎన్ని రోజులు పట్టిందో మనకి తెరమీద కనిపించదు కాబట్టి, మనమూ అలాగే తిరగ్గలమనిపిస్తుంది. మావారి కాగితం చూస్తే నాకా పాటలే గుర్తొచ్చాయి.

ఇదంతా వింటూ కూర్చున్న మా అత్తగారు, వత్తులు చేసుకుంటూనే, తలెత్తకుండా ఒక మాటన్నారు. "నన్నొదిలేసి వెళ్ళండర్రా. ఒక పాసు డబ్బు కలిసొస్తుంది. నా మోకాళ్ళతో మీకు రోజుకో రైలు తప్పుతుంది."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. మామూలుగా, ఉప్పు నిండుకుందని చెప్పినట్టు చెప్పారు. నాకు కష్టమనిపించింది అందుకే. ఆవిడని భారమని ఇంట్లో ఎవరూ అనలేదు. ఎవరూ అనకుండానే ఆవిడ కొడుకు కాగితంలోని లెక్క చదివేసుకుని, అందులో తన పేరు ఏ పక్క పడుతుందో తేల్చేసుకున్నారు. నెమ్మదిగా నడిచే మనిషిని ఖర్చు కింద రాసే లెక్క అసలు సరైన లెక్కేనా? ఆ రోజునించీ నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇదే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మావారి మాటా కొట్టిపారెయ్యదగ్గది కాదు. అది చెమటోడ్చి కూడబెట్టిన డబ్బు. పిల్లలకి మళ్ళీ ఈ అవకాశం ఎప్పుడొస్తుందో తెలియదు. వృథా చెయ్యకూడదనుకోవడం మంచి గుణమే. మన అమ్మమ్మలు గంజి కూడా పారబొయ్యకుండా చీరలకి పెట్టుకునేవారు. కాని గంజి వృథా కాకూడదని అవసరం లేని అన్నం ఎవరూ వండలేదు కదా! డబ్బు వృథా కాకూడదని మనుషుల్ని అరగదీస్తే, అప్పుడు వృథా అయినదేమిటి?

ఈ తొందర ఇవాళ పుట్టింది కాదు. 1863లో థామస్ కుక్ అనే ఇంగ్లీషాయన మొట్టమొదటిసారి కొందరు యాత్రికుల్ని జట్టుగా స్విట్జర్లాండుకి తీసుకెళ్ళాడు. ఆ జట్టులో జెమీమా మోరెల్ అని యార్క్‌షైరు యువతి ఒకావిడ ఉండేది. ఆవిడ రోజురోజూ రాసుకున్న డైరీ నూరేళ్ళ తర్వాత, 1963లో, పుస్తకంగా వచ్చింది. అప్పటికి కొండలెక్కే రైళ్ళు లేవు. పొడుగు గౌన్లు వేసుకున్న ఆ ఆడవాళ్ళు తెల్లవారుజామునే లేచి, మంచు మీదా రాళ్ళ మీదా నడిచారు. ఆవిడ ధైర్యానికి నమస్కారం పెట్టవలసిందే. కాని జట్టుతో వెళ్ళేవాళ్ళకి ఒక ఇబ్బంది ఉంటుంది. ఒకరు ఆగాలంటే జట్టంతా ఆగాలి. లేదా ఆ ఒకరూ వెనకబడిపోవాలి.

మరి మనం చేతిలో పాసు పెట్టుకుని కూడా ఆ జట్టులాగే పరిగెత్తాలా? నాకు ఆలోచన ఇక్కడ మలుపు తిరిగింది.

మామూలు టికెట్టుంది చూడండి, ఆల్ప్స్‌లో దూరప్రయాణాలకి ముందుగా, చౌకగా కొనుక్కునే రకం, అది ఫలానా బండికే చెల్లుతుంది. మోకాలు నొప్పి పుట్టి ఆ బండి తప్పితే డబ్బు పోయినట్టే. నెమ్మదిగా నడిచేవాళ్ళకి అది జుల్మానా వేస్తుంది. పాసు అలా కాదు. ఈ బండి పోతే పై బండి. దారిలో ఊరు బాగుందనిపిస్తే దిగిపోవచ్చు. కాఫీ తాగి, బల్లమీద కూర్చుని, ఆవులమెడల్లో గంటలు విని, తర్వాతి బండి ఎక్కొచ్చు. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. అందరూ పాసుని ఎక్కే హక్కుగా చూస్తారు. నాకు మాత్రం అది దిగే హక్కుగా కనిపిస్తోంది. ఎక్కడమన్నది ఏ టికెట్టుతోనైనా ఎక్కొచ్చు. ఇష్టమొచ్చినచోట దిగడానికే ఇంత డబ్బు పొయ్యడం.

ఆ దేశంలో రైళ్ళు నడిపే తీరు కూడా ఇందుకు తగ్గట్టే ఉంది. 1982 నుంచి అక్కడ గంటగంటకీ అదే నిమిషానికి బండి వచ్చే పద్ధతి పెట్టారు. ఒక బండి దిగేసరికి పక్క ప్లాట్‌ఫారం మీద ఇంకొకటి సిద్ధంగా ఉండేట్టు ఏర్పాటు. ముఖ్యమైన దారుల్లో అరగంటకొకటి వస్తుంది. కాబట్టి బండి తప్పడమంటే మనలాగా పెట్టెలు దించుకుని ఏడవవలసిన సంగతి కాదు. అన్నట్టు, అక్కడి స్టేషన్లలో ఒక గడియారం ఉంటుంది. 1944లో హాన్స్ హిల్ఫికర్ అనే ఇంజనీరు రూపం దిద్దాడు. తర్వాత దానికి ఎర్రటి సెకన్ల ముల్లు చేర్చారు. ఆ ముల్లు దాదాపు 58 సెకన్లన్నరలో చుట్టు పూర్తిచేసి, పన్నెండు దగ్గర రవ్వంతసేపు ఆగుతుంది. నిమిషం మారే సంకేతం అందాక మళ్ళీ కదులుతుంది. సమయపాలనకి ప్రపంచమంతా పేరు చెప్పుకునే దేశంలో, గడియారమే నిమిషానికోసారి ఆగుతుంటే, మా అత్తగారు మెట్టుమెట్టుకీ ఆగితే వచ్చిన లోటేమిటి?

జెర్మట్ నుంచి సెయింట్ మోరిట్జ్ దాకా వెళ్ళే గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ 1930లో మొదలైంది. దానికున్న బిరుదేమిటో తెలుసా? ప్రపంచంలోకెల్లా నెమ్మదైన ఎక్స్‌ప్రెస్సు! 291 వంతెనలూ, 91 సొరంగాలూ దాటుకుంటూ, 2033 మీటర్ల ఎత్తున్న ఓబరాల్ప్ కనుమ ఎక్కి దిగి, సుమారు 8 గంటలు తీసుకుంటుంది. పాసున్నా దాంట్లో సీటుకి విడిగా డబ్బు కట్టి రిజర్వు చేసుకోవాలి. అదే పట్టాల మీద మామూలు బళ్ళు కూడా నడుస్తాయి. దారిలో బళ్ళు మారవలసి వస్తుందిగాని, వాటికి రిజర్వేషను అక్కర్లేదు. కొండలూ లోయలూ వంతెనలూ అవే. పైగా మధ్యలో దిగొచ్చు. ఎక్స్‌ప్రెస్సులో అద్దాల పైకప్పు ఉంటుంది, ఒప్పుకుంటాను. దిగే హక్కు మాత్రం ఉండదు.

ఇంకో విచిత్రం చెబుతాను. గొత్తార్డ్ కొండల కింద 2016లో 57 కిలోమీటర్ల సొరంగం తెరిచారు. రైలు సొరంగాల్లో ప్రపంచంలో అన్నిటికన్నా పొడుగైనది. దాదాపు 20 నిమిషాల్లో చీకట్లో ఇట్నుంచి అటు పడతాం. దానికి పైన 1882 నాటి పాత దారి ఇంకా ఉంది. ఆ దారిలో వాసెన్ అనే పల్లె వస్తుంది. అక్కడ గుట్టమీద తెల్లటి చిన్న చర్చి. కొండెక్కడానికి పట్టాలు సొరంగాల్లో గుండ్రంగా చుట్టు తిరుగుతూ వెళ్తాయి కాబట్టి ఆ చర్చి ముచ్చటగా మూడుసార్లు కనిపిస్తుంది. మొదట తలెత్తి చూస్తాం, తర్వాత ఎదురుగా, ఆఖరికి కిందకి వంగి చూస్తాం. "మూడుసార్లు అదే చర్చి ఏమిటి, టైం వేస్టు" అన్నాడు మా అబ్బాయి. మా అత్తగారు మాత్రం, "గుడి చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేస్తే టైం వేస్టంటామా" అన్నారు. ఆవిడ ప్రయాణంలో మనసు పెట్టారని నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే.

ఈ పాత సొరంగం కథ చదివాక వసూలు లెక్కలమీద నాకు మరీ మమకారం పోయింది. 15 కిలోమీటర్ల ఆ సొరంగాన్ని తవ్వడానికి పదేళ్ళు పట్టింది. పనివాళ్ళలో చాలామంది ఇటలీ నుంచి వచ్చిన బీదలు. దుమ్ము, పొగ, వేడి, నీళ్ళు. దాదాపు 200 మంది చనిపోయారు. 1875లో గోషెనెన్ దగ్గర సమ్మె చేస్తే కాల్పులు జరిపారు, నలుగురు పోయారు. పని ఒప్పుకున్న లూయీ ఫావ్ర్ అనే కంట్రాక్టరు కూడా 1879లో ఆ సొరంగంలోనే గుండె ఆగి మరణించాడు. ఇప్పుడు చెప్పండి, ఒక పాసు కొనేసి మనం "డబ్బిచ్చాం" అనుకోవడంలో అర్థమేమైనా ఉందా? లెక్కే చూసుకోవలసి వస్తే, రైల్లో కాలుపెట్టిన క్షణంలోనే మనం బాకీదారులం. ఏడో రోజు మధ్యాహ్నం దాకా వసూలు కోసం ఎదురు చూడనక్కర్లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ దగ్గర వచ్చింది.

3454 మీటర్ల ఎత్తున, కొండకడుపులోంచి వెళ్ళే రైలు చేర్చే చోటది. యూరప్‌లో అంతకన్న ఎత్తున ఇంకో రైల్వే స్టేషను లేదు. 1896లో పని మొదలై 1912లో పూర్తయింది. ఆలోచన చేసిన అడాల్ఫ్ గుయెర్ జెల్లెర్ 1899లోనే పోయాడు, తన రైలు పైకి చేరడం చూడలేదు. పాసున్నా పైదాకా వెళ్ళడానికి విడిగా టికెట్టు కొనాలి, కొంత తగ్గింపు ఇస్తారు. పిల్లలిద్దరూ ఆ మంచు కోసమే కలలు కంటున్నారు. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే. మా అత్తగారికి రక్తపోటుంది, ఆయాసముంది. డాక్టరుగారు అంత ఎత్తు వద్దన్నారు. అంటే ఆవిడ కింద వెంగెన్‌లో ఉండాలి. 1274 మీటర్ల ఎత్తున, మోటారుకారు రాని, రైల్లో చేరే పల్లె అది. అక్కడిదాకా పాసు చెల్లుతుంది.

"సరే, మేం ముగ్గురం పైకెళ్ళి వస్తాం. అమ్మ దగ్గర నువ్వుంటావుగా" అన్నారు మావారు.

అడగలేదు. ఆజ్ఞా చెయ్యలేదు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నట్టు అన్నారు. పాఠకురాళ్ళలో ఈ వాక్యం వినని వాళ్ళెవరైనా ఉంటే నాకు చెప్పండి. పెళ్ళిలో సామాను గదికి కాపలా ఎవరు? సినిమాకి వెళ్తే ఏడ్చే పిల్లాణ్ణెత్తుకుని వరండాలోకి వచ్చేదెవరు? మీటింగు పెట్టి తీర్మానం చెయ్యకుండానే ప్రతి ఇంట్లోనూ కింద ఉండిపోయే మనిషి ఎవరో నిర్ణయమైపోయి ఉంటుంది. దానికి మనం త్యాగం అని అందమైన పేరు కూడా పెట్టుకున్నాం. త్యాగం మంచిదే. కాని చేసేవాళ్ళని ఒక్కమాట అడిగితేనే అది త్యాగమవుతుంది. అడగకపోతే అది డ్యూటీ.

మా అత్తగారితో ఉండడం నాకు కష్టమేం కాదు. మంచు చూడకపోతే ప్రాణం పోదు. నాకు పట్టింపల్లా ఒకటే. ఆగడం ఎవరి వంతో ముందే రాసిపెట్టి ఉండకూడదు. అందుకని నా టైంటేబులులో కొత్తగా ఒక గడి గీశాను. ఊరు, బండి, గంట, గది అన్న గళ్ళ పక్కన "ఇవాళ ఆగేది ఎవరు" అన్న గడి. మొదటిరోజు మావారి పేరు రాశాను. "నేనా?" అన్నారు. "మీ అమ్మగారేనండీ" అన్నాను. కాసేపు కాగితం వైపు చూసి, మారు మాట్లాడకుండా కింద తన సంతకం పెట్టారు. ఆయన మంచివారే. అడగాలని తోచలేదంతే.

ఇంతలో మా అత్తగారు ఇంకో సంగతి తేల్చారు. "నన్ను కనిపెట్టుకుని ఎవరూ కూచోనక్కర్లేదు. నా పాసు నా దగ్గరుంచండి చాలు. అలుపొస్తే నేనే దిగుతాను, ఓపికుంటే నేనే ఎక్కుతాను. మీరు పైకెళ్ళిన రోజున ఆ కిందికెళ్ళే బండెక్కి లోయలో జలపాతం చూసొస్తాను."

నాకు వెలిగింది. నేను ఇన్నాళ్ళూ దిగే హక్కు, దిగే హక్కు అంటున్నానా, దాని కీలకం ఆవిడ పట్టుకున్నారు. మన ఇళ్ళలో ఏ ప్రయాణమైనా అందరి టికెట్లూ ఒకరి జేబులో ఉంటాయి. టికెట్టు దగ్గర లేనివాళ్ళు ఎక్కడ దిగగలరు? చంటిపిల్లల్లాగా వెంట నడవవలసిందే. ఇది రైలుకే చెల్లే మాట కాదని మీకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పటికి తేలిన పథకం ఇది. వరస పాసు మానేసి 6 రోజుల ఫ్లెక్సు పాసులు. ఉండేది 10 రోజులు. మిగతా 4 రోజులూ ఎక్కడున్నవాళ్ళం అక్కడే. బట్టలుతుక్కోవచ్చు, ఉత్తరాలు రాసుకోవచ్చు, ఊరికే కూర్చోవచ్చు. కాస్త ఎక్కువ డబ్బిచ్చి ఖాళీ రోజులు కొనుక్కున్నామన్నమాట. లూసెర్న్ నుంచి పడవలో విట్స్‌నావు, అక్కణ్ణుంచి రీగి కొండ. పట్టాల నడుమ పళ్ళ కమ్మీ పట్టుకుని ఎక్కే రైలది. 1871లో వేశారు, యూరప్‌లో అలాంటివాటిలో మొదటిది. శిఖరం 1798 మీటర్లే కాబట్టి దానికి డాక్టరుగారూ సరేనన్నారు. పాసులోనే కలిసి ఉంది, కాబట్టి మావారూ సరేనన్నారు. ఆ తర్వాత వెంగెన్. తిరిగి లూసెర్న్ మీదుగా వాసెన్ చర్చి మూడుసార్లు చూసి, ఓబరాల్ప్ కనుమ మామూలు బండిలో దాటడం. జెర్మట్ తీసేశాం. టిరానో ఉంచాలా వద్దా అన్నది అక్కడికెళ్ళాక మోకాళ్ళు చెబుతాయి.

పాసంటే ఈ రోజుల్లో నల్ల గళ్ళున్న చదరం అచ్చైన ఒక కాగితం, అంతే. ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలని తీర్మానమయ్యాక, నిన్న మధ్యాహ్నం మా అత్తగారు పాత పట్టుచీర అంచు కత్తిరించి, మెళ్ళో వేసుకునేందుకు చిన్న సంచి కుట్టారు. సాయంత్రం చూద్దును కదా, బల్లమీద మ్యాపు పక్కన అలాంటివి రెండున్నాయి.

"రెండోదెవరికండీ?" అన్నాను.

"నీకే" అన్నారు.